ఒప్పుకునే పిల్లగాడు

కోర్టు వరండాలో నిలబడి నిలబడి చెన్నిగాడి కాళ్లు లాగుతున్నాయి. పొద్దున్నే అమ్మానాయనలతో అనంతగిరి దిగి వికారాబాద్ చేరాడు. మధ్యాహ్నం దాటినా ఇంకా పేరు పిలవలేదు. వాడికి పదమూడేళ్లు. ఆ కోర్టుకు రావడం ఇది మూడోసారి కాబట్టి నీళ్ల కుండ ఎక్కడుందో, ఎవరొస్తే లేచి నిలబడాలో వాడికి బాగా తెలుసు.

వాడి మీద ఉన్న నేరం సర్కారు అడవిలో టేకు చెట్లు నరకడం. నిజానికి నరికింది వాడి నాయన బీరన్న. గొర్రెలు రోగమొచ్చి పోయాక బీరన్న తాండూరు కట్టెల సావుకారు దగ్గర కూలికి కుదిరాడు. రోజుకు రూపాయిన్నర. అడవి గార్డు వస్తే పెద్దవాళ్లు పారిపోవాలి, పిల్లాడు దొరకాలి. ఇది సావుకారు పెట్టిన పద్ధతి. పెద్దవాడికైతే జైలు, పిల్లాడికైతే నాలుగు చివాట్లు. పిల్లల మీద చట్టానికున్న దయ సావుకారుకు అంత చక్కగా పనికొచ్చింది. కొండ మీది గుడిసెల్లో అందరూ అదే చేశారు. బీరన్నా చేశాడు, అతని భార్య మైసమ్మా ఊరుకుంది.

కోర్టు జవాను షబ్బీర్ బీడీ ఆర్పి పక్కకొచ్చాడు.

“బీరన్నా, జర ఇను. గీ కొత్త మేజిస్ట్రేటు సాబు మూడోసారి దొరికినోన్ని ఇడుస్తలేడు, చిన్నోడైనా సరే. మొన్న కుల్కచర్ల పిల్లగాన్ని మూడేండ్లు పిల్లల జైలుకు తోలిండు.”

మైసమ్మ కొడుకును దగ్గరికి లాక్కుంది. సావుకారు గుమాస్తా కిష్టప్ప మాత్రం నింపాదిగా వక్క నములుతున్నాడు.

“ఆడ యాళ్లకింత తిండి వెడ్తరు. నీ కొడుక్కేం ఫికర్ లేదు. మొగోడు పోతే నీ ఇల్లెట్ల నడుస్తది? ఇంక ముగ్గురు పిల్లలాయె.”

అందులో అబద్ధమేమీ లేదు. అందుకే మైసమ్మకు కడుపు మండింది.

“గా జైలుకెల్లి ఒచ్చినోన్ని తాండూర్ల జూసిన. పోకముందు ఆకలికి రెండు జొన్నకంకులు తెంపినోడు, ఇప్పుడు జేబులు గొడ్తుండు. నా కొడుకును గట్ల జేసి పంపుతరా?” భర్త వైపు తిరిగింది. “నువ్వేమంటవు?”

“ఏమనాలె,” అన్నాడు బీరన్న, నేల చూస్తూ.

పిలుపొచ్చింది. చెన్నిగాడు లోపలికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు. అడిగీ అడగకముందే, “నేనే గొట్టిన దొరా,” అని పాఠంలా అప్పజెప్పాడు.

“ఒకసారైతే పిల్లతనం అనుకోవచ్చు. ఇది మూడోసారి. వీడు మారడు,” అంటూ మేజిస్ట్రేటు కలం అందుకున్నాడు. మంచివాడే, లంచం ముట్టడని పేరుంది. ఆ సన్నని చేతులు అంత చెట్టును ఎలా పడగొట్టాయని మాత్రం ఆ కోర్టులో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

“వాడు గాదు దొరా.”

తలుపు దగ్గర నుంచి మైసమ్మ ముందుకొచ్చింది. బంట్రోతు అడ్డమొచ్చినా ఆగలేదు.

“మా దిక్కు మీసమొచ్చినోడు చెట్టు గొడ్తడు, మీసం రానోడు ఒప్పుకుంటడు. సావుకారు మాకు నేర్పిండు, మేము పోరగాండ్లకు నేర్పినం. గీసారి నేనొప్పుకోను.”

“మరి ఎవరు కొట్టారమ్మా? పేరు చెప్పు.”

మైసమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోట ఒక్కసారీ రాలేదు. జనాభా లెక్కలవాళ్లు అడిగినప్పుడు కూడా పక్కింటి కొండమ్మ చేత చెప్పించింది. వెనక కిష్టప్ప గట్టిగా దగ్గాడు. తానేమైనా తప్పు చెప్పానేమోనని చెన్నిగాడు బెదురుగా తల్లి ముఖం చూస్తున్నాడు.

“బీరన్న,” అన్నది మైసమ్మ.

తలుపు పక్కన చతికిలబడ్డ బీరన్న, ఎవరో పిలిచినట్టు తలెత్తాడు.