వెర్లిన్ ఇసుక బస్తాలు

నార్త్ డకోటాలో మంచు పడిందంటే వెర్లిన్‌కి ఉపన్యాసాల కాలం వచ్చినట్టే.

"పికప్ ట్రక్కుకి వెనక బరువుండాలర్రా! ఇసుక బస్తాలేసుకోండి. చక్రం జారదు. ఇరుక్కుంటే ఆ ఇసుకే కింద చల్లుకోవచ్చు," అని కాఫీ హోటల్లో కనబడ్డవాడికల్లా క్లాసు పీకేవాడు. తన బస్తాలు మాత్రం అక్టోబరు వానల్లో నానుతున్నా పట్టా కప్పలేదు. మహానుభావులకి అలాంటి చిన్న పనులు గుర్తుండవు కదా!

జనవరిలో ట్రక్కు సొంత వాకిట్లోనే ఇరుక్కుంది. వెర్లిన్ దర్జాగా బస్తా కోశాడు. లోపల నానిన ఇసుక చలికి గడ్డకట్టి బండరాయిలా ఉంది. పారతో కొడితే పారే వంగింది.

భార్య ఆర్డిస్ తలుపు తీసింది. "ఏం ప్రొఫెసరుగారూ, చల్లండి మరి!"

"వేళాకోళం ఆపి ఏదైనా పట్రావే!"

వెర్లిన్ రోజూ తరిమేయమని పోరే పిల్లి ఒకటుంది ఇంట్లో. అది దొడ్డికెళ్లే మట్టి తొట్టి తెచ్చి, ఆర్డిస్ వెనక చక్రాల ముందు బోర్లించింది. మట్టి కొత్తదేం కాదు. తను స్టీరింగ్ దగ్గర కూర్చుని, మొగుణ్ణి వెనక నుంచి నెట్టమంది.

ట్రక్కు ఒక్క ఊపులో బయటపడింది. చక్రాలు చిమ్మిన మట్టంతా వెర్లిన్ మొహాన పడింది.

ఆర్డిస్ అద్దం దించింది. "రేపు కాఫీ హోటల్లో ఇదీ చెప్పు!"