నీలిమందు పరీక్ష

పొద్దున్న మోటారు వేసి నింపిన ట్యాంకు మధ్యాహ్నానికల్లా అడుగంటుతోంది. కింద నేనూ తమ్ముడూ, పైన అద్దెకుండే టైలరమ్మ. "ఇంకెవరు? ఆవిడే," అని తమ్ముడు తేల్చేశాడు. కుట్టాక ముడుచుకుపోకుండా ఆవిడ లైనింగు గుడ్డల్ని ముందే నీళ్ళలో నానబెడుతుంది. ఆ టబ్బులు వాడి కళ్ళలో పడ్డాయి. ఇల్లు వాడిది, మాట వాడిది. నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు.

వెళ్ళిపోయేవాళ్ళని చాలామందినే చూశాను. ఎవరైనా సామాను సర్దితే చాలు, గుండె జారిపోతుంది. ఈ వయసులో పత్రికలో సీరియల్ గురించి నాతో పోట్లాడే మనిషి ఇంకొకరు దొరుకుతారా?

కానీ నాకొక సందేహం కూడా పట్టుకుంది. నానబెట్టిన నీళ్ళతోనే ఆవిడ మెట్లు కడుగుతుంది. మరి ట్యాంకెడు నీళ్ళు ఎటు పోతున్నట్టు? కుళాయిలన్నీ చూశాను, చుక్క లేదు. గోడలు తడిమాను, చెమ్మ లేదు. చప్పుడు చేయకుండా ఎక్కడ పోతాయి? అప్పుడు, ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. ఫ్లష్ ట్యాంకులో రంగు కలిపి, నొక్కకుండా వదిలేయాలట. రంగు కమోడ్‌లోకి దిగితే, కారుతున్నట్టే.

తమ్ముడు పనికి వెళ్ళగానే బట్టలకి పెట్టే నీలిమందు సీసా పట్టుకుని పైకెక్కాను.

"ఏంటి పిన్నిగారూ, నా బాత్రూముకి నీలం పెడతారా? తెల్లగానే ఉందిగా!" అంది టైలరమ్మ.

"నోరు మూసుకుని చూడవే."

ఇద్దరం గుమ్మంలో స్టూళ్ళేసుకుని సినిమా చూసినట్టు కూర్చున్నాం. ఎంతసేపైనా నీళ్ళు తేటగానే ఉన్నాయి. కింద నా బాత్రూములోనూ అంతే. ఇక మిగిలింది తమ్ముడిది.

అక్కడ మేము సరిగ్గా కూర్చోనైనా లేదు. వెంట్రుకంత నీలం గీత ఒకటి పింగాణీ మీదుగా మెల్లగా జారింది. దాని వెనకే ఇంకొకటి. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ వాడికి చెప్పేదెవరు?

సాయంత్రం వాడే కేకేశాడు. "అక్కా! కమోడ్‌లో ఈ నీలమేంటి?"

"ఫ్లష్ ట్యాంకులో నేనే కలిపాను. ఎవరూ నొక్కకుండానే దిగిందిరా. పైదాంట్లో దిగలేదు."

వాడు ఫ్లష్ ట్యాంకు మూత తీసి, నీళ్ళని ఆపే రబ్బరు బిళ్ళని తడిమాడు. అరిగి చీలిపోయి ఉంది.

"ఆవిడకి తెలుసా?"

"నా పక్కనే కూర్చుని చూసింది."

"సరిపోయింది!"

"వెళ్ళి ఉండమని చెప్పరా. పైన సర్దేస్తోంది."

"నేనా? నేనేం చెప్పను?" అంటూనే మెట్ల దాకా వెళ్ళాడు. అక్కడ గోడవైపు తిరిగి, చొక్కా బొత్తాం ఒకటి పుటుక్కున పీకడం నేను చూశాను.

"టైలరమ్మగారూ!" మొదటిసారి గారు తగిలించాడు. "బొత్తామొకటి ఊడింది. తొందరేం లేదు, వచ్చే నెల కుట్టినా చాలు."

పైన చప్పుడు ఆగింది. "వచ్చే నెల నేనిక్కడుంటేగా?"

"ఉండక ఎక్కడికెళ్తారు?"

ఆవిడ మెట్ల మీదికొచ్చి వాడిని ఎగాదిగా చూసింది. "అయితే చొక్కా ఇప్పుడే ఇవ్వండి. వాయిదాలు నాకు పడవు."

ఆవిడ సూదిలో దారం ఎక్కించి కుట్టేదాకా వాడు బనీనుతో మెట్ల మీదే నిలబడ్డాడు.