గొంతులో ఊలు

నా గొంతు పోయిందన్న సంగతి ఖమ్మమంతా తెలిశాక చివరికి నాకు తెలిసింది.

చెప్పింది రాంబాబు. భద్రాచలంలో ఏటా చలికాలంలో జరిగే సంగీత సభకు ఆయన కార్యదర్శి. ఈ ఏడు పాడేవాళ్లకు దుకాణం శాలువాలు కాకుండా, అడవి పల్లెల ఆడవాళ్లు నా దగ్గర నేర్చుకుని అల్లుతున్న క్రోషియా శాలువాలు కప్పుదామని ఆయనకే బుద్ధి పుట్టింది. రెండు కావాలన్నాడు. రెండంటే ఇంకెవరికి? భవానికి ఒకటి, నాకు ఒకటి. ఇరవై ఏళ్లుగా ఆ సభలో మేమిద్దరం పక్కపక్కన కూర్చుని పాడుతున్నాం. నా శాలువా నేనే అల్లుకుంటే ఏం బాగుంటుందని భవానిది నేను మొదలుపెట్టి, రెండోది ఆ పల్లె ఆడవాళ్లలో చేయి తిరిగిన భీమక్కకు అప్పజెప్పాను.

"ఎంతవరకు వచ్చినయ్ మేడం?" అని ఫోన్ చేశాడు రాంబాబు.

"నేనల్లేది అయిపోవచ్చింది సార్. పాట ఎన్ని గంటలకు పెట్టిన్రు మాకు?"

రాంబాబు గొంతు తగ్గించాడు.

"మీకు భవాని మేడం చెప్పలేదా? ఈసారి ఆమె పక్కన శ్యామల కూర్చుంటది గద. ఊలు నూగు పోయీ పోయీ మీ గొంతు దెబ్బతిన్నదట, పైస్థాయి అందుతలేదట. మీ గురించి చానా బాధపడ్డది. మీరు మంచిగ రెస్ట్ తీసుకోండి మేడం."

శ్యామల భవాని కూతురు. ఆ పిల్లకు సరళీ స్వరాలు నేర్పింది నేనే.

ఫోన్ పెట్టేసి, తలుపు వేసి, తారస్థాయి షడ్జమం పట్టి చూశాను. మీ ఇంట్లో దొంగలు పడ్డారని ఎవరో చెబితే పరుగెత్తుకెళ్లి బీరువా తెరిచి చూసుకుంటామే, అట్లా. ఉంది. ఎక్కడికి పోతుంది నా గొంతు? పోయిన వారం నా దగ్గర పాట నేర్చుకునే ఇద్దరు పిల్లల తల్లులు ఎందుకంత మెత్తగా మాట్లాడి పాఠం మానిపించారో అప్పుడు అర్థమైంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటారు చూడండి, ఇదే.

మా అబ్బా మహబూబ్ అలీ హార్మోనియంలు, తంబురాలు బాగుచేసేవాడు. భవాని వాళ్ల నాన్నగారు తంబురా మరమ్మతుకు తెచ్చినప్పుడు, అబ్బా పక్కన కూర్చుని శ్రుతితో పాటు కూనిరాగం తీస్తున్న నన్ను చూసి, "అలీ, ఈ అనీసాను నాకివ్వు, పాట నేర్పుత" అన్నారు. ఆయన పాట నేర్పారు. మా అమ్మీ క్రోషియా నేర్పింది. ఆ రెండూ పట్టుకునే బతుకుతున్నాను. ఖమ్మం ఖానాపురం హవేలిలో కిరాయి ఇల్లు. పొద్దున సంగీతం పిల్లలు, మధ్యాహ్నం అల్లిక నేర్చుకునేవాళ్లు, ఆదివారం అడవి పల్లెలకని భద్రాచలం బస్సు. చూసేవాళ్లకు అవి రెండు పనులేమో గాని నాకు కావు. కల్యాణి రాగం పాడిన రోజు నా అల్లిక అంచు వెడల్పుగా వస్తుంది. ఎందుకని అడిగితే నేను చెప్పలేను. భీమక్క ఊళ్లో నేను కాగితం మీద గీసిన డిజైను ఎవరికీ ఎక్కకపోతే, తాళం వేసి పాడుతూ చెప్పాను. తాళం ఒక చుట్టు తిరిగేసరికి పువ్వుకు ఒక రేకు మూసుకోవాలి. చేయి తప్పితే వాళ్లకే తెలిసిపోయేది. నేను చెప్పేదాకా ఆగేవాళ్లు కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మేం ఆ సభలో పాడిన మొదటి ఏడు, ఒక పెద్దమనిషి "ఆ సాయిబుల పిల్ల ఎందుకు" అని గొణిగాడు. భవాని తంబురా పక్కన పెట్టేసి, "అనీసా పాడకుంటే నేనూ పాడను" అంది. ఆ పెద్దమనిషే తర్వాత మా ఇద్దరికీ పూలదండలు వేశాడు. అప్పటినుంచి ఎవరేమన్నా నాకు లెక్కలేదు. ఎదురుగా వచ్చేవాళ్లకు నా దగ్గర జవాబు ఉంది. పక్కన కూర్చున్నదాని కోసం కూడా ఒకటి సిద్ధం చేసుకోవాలని నాకెవరు చెప్పారు?

మర్నాడు శాలువా పూర్తిచేసి, సంచిలో పెట్టుకుని భవాని ఇంటికి పోయాను. లోపల గదిలో శ్యామల సాధన చేస్తోంది. నా మాట వినబడగానే పాట ఆగిపోయింది.

"ఏంది భవానీ, నా గొంతుల ఊలు పడ్డదట?"

భవాని నా మొహం చూడలేదు. "నువ్వే గద అన్నవ్, మొన్న చలికి గొంతు గీరుతుందని."

"నీకు చెప్పిన. సభకు చెప్పలే."

"కూర్చో అనీ. చాయ్ పెడ్త."

"చాయ్ సంగతి తర్వాత. ఎందుకన్నవ్?"

కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. "శ్యామలకు ఈ ఏడు కాకుంటే ఇగ ఎప్పుడు? ముగ్గురు వద్దు, ఇద్దరే అన్నరు కమిటీవాళ్లు. నిన్ను లేపి నా బిడ్డను కూసోబెడుతున్ననని ఎట్ల చెప్పను? మంది ఏమనుకుంటరు? జబ్బంటే ఎవ్వరికీ పరువు తక్కువ కాదు గద."

"నీకు తక్కువ కాదు. గొంతు పోయినదాని దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతరు? నా నోటికాడి బువ్వ తీసినవ్."

"గంత దూరం పోతదనుకోలే."

"అడిగితే నేనే లేచిపోయేదాన్ని గద. నీ బిడ్డకు నేనే చాప పరిచేదాన్ని. నన్ను ఒక్క మాట అడగలేకపోయినవా?"

"అడిగితే ఒప్పుకుంటవని నాకు తెలుసు" అంది భవాని మెల్లగా. "అప్పుడు జన్మంతా నీకు రుణపడి ఉండాలె."

అబద్ధమాడినందుకు కాదు, ఈ మాటకు నా కడుపు మండింది. ఇన్నేళ్లలో ఎవరు ఎవరికి ఏం చేశామో నేను ఎన్నడూ తూకం వేయలేదు. తను వేస్తూనే ఉందన్నమాట.

"సరే. చోటు శ్యామలకే ఉంచుకో. సభల మైకు ముందర ఒక్క మాట చెప్పు, అనీసా గొంతు మంచిగున్నదని. నాకు గదే చాలు."

"ఇప్పుడు చెప్తే నేను అబద్ధాలకోరునైత గద అనీ."

"మరి ఇప్పుడు ఏందనుకుంటున్నవ్?"

ఒప్పుకున్న పని ఎగ్గొట్టకూడదని మా అమ్మీ ఎప్పుడూ అనేది. శాలువా తీసి భవాని ఒళ్లో పెట్టాను. ఆమె అంచు మీద వేళ్లు పోనిచ్చి, అలవాటుగా, "కల్యాణి పాడుకుంట అల్లినవా?" అని అడిగింది. నా గురించి అంత తెలుసు దానికి. ఏడుపొచ్చింది. దాని ముందు ఏడిస్తే నాకు నేనే లోకువైపోతానని, చెప్పులేసుకుని బయటికొచ్చేశాను.

ఇంక నేనేం చేయాలి? ఖమ్మంలో ఒక్కొక్కరి గడప ముందు నిలబడి షడ్జమం పట్టి చూపించనా? గొంతు బాగుందని చెప్పుకున్నకొద్దీ పోయిందనే అనుకుంటారు జనం.

ఆదివారం బస్సెక్కాను. భీమక్క ఊరు భద్రాచలం దాటాక అడవి అంచున ఉంటుంది. నేను వెళ్లేసరికి ఆమె వాకిట్లో ఆడవాళ్లు ఊలు ఉండలు పట్టుకుని కూర్చుని ఉంటారెప్పుడూ. ఆ రోజు ఎవరూ లేరు. భీమక్క ఒక్కతే చేటలో కందులు చెరుగుతోంది.

"అందరేరి భీమక్కా?"

"రారు టీచరక్కా." చెప్పడానికి మొహమాటపడింది. "మొన్న రాంబాబు సారు శాలువా చూసిపోనీకి వచ్చిండు. ఊలుతోని నీ గొంతు పోయిందట, పాపం అన్నడు. మావోళ్లు బెదిరిన్రు. విత్తనాల పండుగకు పాట ఎత్తేది నేను. ఎనకాల అందుకునేది ఆళ్లు. మా గొంతులు గిట్ల పోతే ఊరికి పాటేది అక్కా?"

అడవిలోకి కూడా వచ్చేసింది భవాని మాట. నా పాట మీద వేసిన రాయి నా అల్లిక మీద కూడా పడింది. ఆ వాకిట్లో నేను కష్టపడి కూడగట్టిన మనుషులు ఒక్క అబద్ధానికి ఇళ్లలోకి వెళ్లి కూర్చున్నారు. వాళ్లను అనడానికేముంది, గొంతును కాపాడుకోవడం తప్పా?

నేనేమీ వాదించలేదు. వాకిట్లో కూర్చుని క్రోషియా సూది, ఊలు తీశాను. కాలితో తాళం వేస్తూ అల్లుతూ కల్యాణి అందుకున్నాను. కింది నుంచి మెల్లగా ఎక్కి, పై షడ్జమం దగ్గర ఊపిరి ఉన్నంతసేపు నిలబడ్డాను. మళ్లీ ఎక్కాను, మళ్లీ నిలబడ్డాను. చేయి ఆపలేదు. ఒళ్లంతా ఊలు నూగే. ఒక గుడిసెలోంచి ఒకామె తొంగిచూసింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వచ్చి దడి పక్కన నిలబడ్డారు. పాట ముగిసేసరికి వాకిలి సగం నిండింది. ఒకామె నా సంచిలోంచి ఊలు ఉండ తీసుకుంది.

భీమక్క నన్నే చూస్తోంది.

"గొంతు మంచిగనే ఉన్నది గద."

"అవ్."

"మరి పోయిందని ఎవరన్నరు?"

"భవాని."

"నీతోని పాడే అక్కనా?" చేట కింద పెట్టింది. "ఆమెకు నీ గొంతు తెల్వదా?"

"తెలుసు. ఆమెకు తెలిసినంత మా అమ్మీకి గూడ తెల్వదు."

పాటలో ఎక్కడా వణకని నా గొంతు ఆ మాట దగ్గర వణికింది. భీమక్క ఇంకేమీ అడగకుండా లోపలికి పోయి రెండో శాలువా తెచ్చింది. పచ్చటి ఊలు, అంచంతా పూలు. నాకని ఎంత ఒద్దికగా అల్లిందో చూస్తేనే తెలుస్తోంది. అంచు చివర అల్లాల్సింది కొంచెం మిగిలింది.

"మరి ఇది ఎవరు కప్పుకుంటరు?"

"భవాని బిడ్డ. సభోళ్లకు ఒప్పుకున్నం గద భీమక్కా, ఇయ్యాలె."

భీమక్క శాలువాను ఒకసారి ఒళ్లో పరుచుకుని చూసుకుంది. తర్వాత మడతపెట్టి, లోపలికి తీసుకుపోయి పెట్టెలో పెట్టి, మూత వేసి వచ్చింది. వచ్చి నా పక్కన కూర్చుని చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"భీమక్క అల్లేది బంద్ చేసిందని చెప్పు రాంబాబు సారుకు" అంది. "ఊలు గొంతుకు మంచిది కాదట గద."