ఎక్స్ఛేంజి నుంచి ఫోను

కోడలి కంప్యూటర్ తెర మీద బాణం దానంతటదే కదులుతోంది.

ఆమె రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది. బాణం మాత్రం ఆస్పత్రి ఫైళ్ల మధ్య తీరిగ్గా తిరిగి, ఒకదాన్ని తెరిచింది. రోగి పేరు, జబ్బు, ఇంటి చిరునామా అన్నీ తెర మీద పరుచుకున్నాయి.

"ఏవండీ, ఇలా రండి! కంప్యూటర్లోకి ఎవడో దూరాడు!"

కొడుకు పరిగెత్తుకొచ్చి రౌటర్ ప్లగ్గు లాగేశాడు. పచ్చదీపాలు ఆరిపోయాయి.

సోఫాలో ఉన్న పెద్దాయన ఆరిన దీపాలకేసి చూశాడు. ఇంట్లోకి పరాయివాడు జొరబడ్డాడని మిగతా ఇద్దరికీ ఇప్పుడే తెలిసింది. తలుపు తీసిందెవరో ఆయనకు ముందే తెలుసు.

డాక్టర్లు చెప్పింది విని ఇంటి నుంచే టైపు చేయడం కోడలి ఉద్యోగం. సంగతి వినగానే ఆఫీసువాళ్లు ఆమె పని ఆపేశారు. తమ దగ్గరున్న ఆ కంప్యూటర్ రికార్డులు చూసి ఫోన్ చేస్తామన్నారు. ఈలోగా ఇంట్లో విచారణ మొదలైంది.

"వైఫై పాస్‌వర్డ్ ఎవరెవరికిచ్చావ్?" అన్నాడు కొడుకు.

"మేడ మీద నర్సమ్మకి తప్ప చీమక్కూడా ఇవ్వలేదు."

"ఇంకేం, దొంగ దొరికింది!"

మేడ మీద గదిలో అద్దెకుండే నర్సమ్మ అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. యూనిఫాంలోనే కిందికి వస్తే, కొడుకు ఆమెను కూర్చోమని కూడా అనలేదు.

"ఆస్పత్రి ఫైళ్లు ఎవరికోసం దొంగిలిస్తున్నావ్?"

"దొంగిలించడమా? పొద్దస్తమానం పేషెంట్ల గోడు వినలేక చస్తుంటే, ఇంటికొచ్చి అదే దొంగిలిస్తానా అన్నయ్యా?" అని నవ్వబోయింది. ఎవరూ నవ్వలేదు. ఆమె మొహం వాడిపోయింది. "బాబాయ్‌గారూ, మీరైనా చెప్పండి. నేనలాంటిదాన్నా?"

పెద్దాయన నోరు తెరిచాడు. "అసలా రౌటరే నాసిరకం" అన్నాడు. తన గొంతు విని తనకే అసహ్యమేసింది.

"టెలిఫోన్ లైన్‌మన్‌గా జీవితమంతా స్తంభాలెక్కినాయన మా నాన్న. ఆయన ముందా నీ నాటకాలు? సాయంత్రానికి గది ఖాళీ చెయ్. నీ పేరు వీళ్ల ఆఫీసుకి చెప్తున్నాం. మీ ఆస్పత్రికి చెప్పే సంగతి వాళ్లే చూసుకుంటారు."

"నా ఉద్యోగం పోతుందన్నయ్యా!"

ఫోన్ మోగింది. కోడలు స్పీకర్ నొక్కింది. అవతల ఆఫీసు మేనేజరమ్మ.

"బయటివాళ్లు లోపలికి వచ్చేలా మీ కంప్యూటర్లో ఎవరో ఒక ప్రోగ్రాం ఎక్కించారు. ఎవరో తెలుసా?"

"తెలుసండీ. మా మేడ మీద..." అన్నాడు కొడుకు.

నర్సమ్మ గుమ్మం పట్టుకుంది. పెద్దాయన లేచి, కోడలి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"ఆ పిల్ల కాదమ్మా. నేను. మీ దగ్గర పనిచేసే అమ్మాయికి మామగారిని. మొన్న కోడలు బజారుకెళ్లినప్పుడు ఫోనొచ్చింది. 'టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి మాట్లాడుతున్నాం, మీ లైను టెస్ట్ చేస్తున్నాం' అన్నాడు. మా కొలువులో ఆ మాట వినబడితే ఎదురడగడమన్నదే లేదమ్మా. స్తంభం మీద వేలాడుతూ, ఏ తీగ కలపమంటే అది కలిపేవాళ్లం. నేనూ లైన్‌మన్‌నే అన్నాను. 'అయితే మీకు చెప్పేదేముంది సార్' అన్నాడు. రిటైరయ్యాక నన్నెవరూ సార్ అనలేదు. రౌటర్ వెనకున్న పాస్‌వర్డ్ చదివి వినిపించాను. కంప్యూటర్ తెరిచే ఉంది. వాడు నొక్కమన్నవన్నీ నొక్కాను. తర్వాత అనుమానమొచ్చి ఇంటర్నెట్ కంపెనీవాళ్లని అడిగితే, మేమెవరమూ ఫోన్ చెయ్యలేదన్నారు. అప్పుడే చెప్పాల్సింది. వైర్ల సంగతి నాకు చెప్తారా అని ఇంట్లో గొప్పలు పోయినవాణ్ని, మోసపోయానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇందాక ఈ పిల్ల సాయమడిగితే రౌటర్ని తిట్టి తప్పించుకున్నాను. అది అంతకన్నా పెద్ద తప్పు. రాసుకోండమ్మా, నా పేరే రాసుకోండి."