నేను జరిపిన వాగు

వాన పడితే మా వంటింట్లో నీళ్ళు పైకప్పు నుంచి కారవు, నేలలోంచి ఊరతాయి. ముందు పలకల సందుల్లో చెమ్మ, తర్వాత చిన్న చిన్న బుడగలు, చివరికి చీలమండల దాకా నీళ్ళు. ఆ రోజు పొద్దున కూడా పాత తువ్వాలు ముంచి బకెట్లో పిండుతున్నాను. మంచం మీంచి కాళ్ళు కింద పెట్టకుండానే అత్తయ్య అంది: "ఈ నీళ్ళు గానీ నీ పుట్టింటి నుంచి వస్తున్నాయా? నువ్వు వంటింట్లో ఉన్నప్పుడే వస్తాయి." నవ్వేశాను. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది, నేను వంటింట్లో లేనిది ఎప్పుడు గనక!

మా ఆయన చెప్పులు చేత పట్టుకుని, గుమ్మం దాకా మునివేళ్ళ మీద నడుస్తూ, "సాయంత్రానికల్లా ఆరబెట్టు, అన్నయ్యా వాళ్ళూ భోజనానికి వస్తున్నారు" అన్నారు. అన్నయ్యా వాళ్ళంటే మా బావగారు, తోటికోడలు. ఉండేది పై అంతస్తులోనే. మెట్లు దిగి వచ్చి తింటారు, మెట్లెక్కి వెళ్ళిపోతారు. గిన్నెలు మాత్రం మెట్లెక్కవు.

ఆ నీళ్ళు ఎక్కడివో నాకు తెలుసు. మా ఆయనకీ బావగారికీ కూడా తెలుసు. పదిహేనేళ్ళుగా ముగ్గురం ఆ ఊసే ఎత్తలేదు.

నేను నగరపాలక ఆఫీసులో వాననీటి విభాగంలో మ్యాపులు గీస్తాను. ఇప్పుడంటే కంప్యూటర్ మీద. అప్పట్లో ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పెన్నుతో గీసేవాళ్ళం. పెళ్ళయిన ఆరు నెలలకి, పాత మ్యాపులు చిరిగిపోతున్నాయని వాటిని కొత్తగా గీసే పని నాకిచ్చారు. సరిగ్గా అప్పుడే బావగారు ఒక స్థలం కొన్నారు. పాత మ్యాపులో ఆ స్థలం మధ్యలోంచే ఒక వాగు వంపు తిరిగి పోతోంది. వాగు మీద ఇల్లు కట్టడానికి అనుమతి ఇవ్వరు.

ఒక సాయంత్రం మా ఆయన నా కోసం టీ పెట్టారు. మా సంసారంలో ఆయన స్టవ్ వెలిగించింది ఆ ఒక్కరోజే కాబట్టి బాగా గుర్తు. చక్కెర ఎక్కువైంది. "ఎండిపోయిన వాగు, ఏడాదికి పది రోజులు పారితే గొప్ప. ఆ వంపు తీసేసి తిన్నగా గీస్తే ఎవరి సొమ్మేం పోయింది? అవతలంతా ముళ్ళకంపలే కదా" అన్నారు. తర్వాత మెల్లగా, "ఈ ఇంట్లో నువ్వూ ఒక మనిషివేనని అన్నయ్యకి తెలియాలి కదా" అన్నారు. ఆ మాటకి కరిగిపోయాను. అప్పటిదాకా ఆ ఇంట్లో నేను 'కొత్త కోడలు', 'ఏమేవ్', 'ఆ అమ్మాయి'. మనిషిని అనిపించుకోవడానికి వాగుని నలభై మీటర్లు పక్కకి జరిపాను. స్కేలు పెట్టి గీస్తే నిమిషం కూడా పట్టలేదు. కింద 'గీసినవారు' అన్నచోట సంతకం పెట్టాను.

ఇల్లు లేచింది. ఎత్తుగా ఉన్న పై వాటా బావగారికి, కింది వాటా మాకు. ముళ్ళకంపలున్నచోట మెల్లమెల్లగా ముప్పై రెండు చిన్న ఇళ్ళు వెలిశాయి. వాటిలో ఒకటి ఇస్త్రీ అక్కది. మా వీధి మొదట్లో తోపుడు బండి మీద బట్టలు ఇస్త్రీ చేస్తుంది. వయసులో నాకంటే పెద్దదే అయినా నన్ను 'అమ్మా, మీరు' అనే అంటుంది. రెండేళ్ళ కిందట, బావగారు వాళ్ళు పై వాటాకి తాళం వేసి ఊరెళ్ళినప్పుడు, పెద్ద వాన కురిసి మా ఇంట్లోకి నడుం లోతు నీళ్ళొస్తే, అత్తయ్యని వీపు మీద ఎక్కించుకుని తన ఇంటికి తీసుకెళ్ళి మూడు రోజులు పెట్టుకుంది. ఆ ఇళ్ళల్లోకి చుక్క నీరు రాలేదు. మ్యాపు ప్రకారం వాగు పారాల్సింది వాళ్ళ గడపల్లోంచి.

ఇప్పుడు నగరం ఆ వాగుని బతికించే పని పెట్టుకుంది. నాకు ఆ పనంటే నిజంగానే ప్రాణం. మీద కప్పిన సిమెంటు పలకలు తీసేసి, చెత్త ఎత్తి, ఒడ్డున తుంగా జమ్మూ నాటి, చెరువులో కలిసేముందు ఆ నీళ్ళని ఒక చిత్తడి నేలలో నిలబెట్టి తేటపరచాలని పథకం. ఎగువన రెండు కిలోమీటర్లు పూర్తయ్యాక అక్కడికి కొంగలొచ్చాయి. ఆ ఫోటో చూసి ఆఫీసులో నేను కళ్ళు తుడుచుకుంటే, గుమాస్తా "మేడమ్, కొంగలకి కూడా ఏడుస్తారా?" అని ఆటపట్టించాడు. తర్వాత పని మా వీధి దాకా వచ్చింది. ఆధారం నేను గీసిన మ్యాపే. ముప్పై రెండు ఇళ్ళకి ఖాళీ చేయమని నోటీసులు వెళ్ళాయి.

ఆ పొద్దున నీళ్ళు తోడిపోసి ఆఫీసుకి వెళ్ళేసరికి, చిత్తడి నేలల పని చూసే అమ్మాయి నా బల్ల దగ్గర నిలబడి ఉంది. చదువు ముగించి కొత్తగా చేరింది, చేతులనిండా మట్టి. "మేడమ్, మ్యాపులో వాగున్నచోట గొట్టం దింపి చూశాం. రెండు మీటర్ల లోతు దాకా ఇసుక లేదు, ఒండ్రు లేదు, అంతా గట్టి మట్టి. అక్కడ వాగు ఎప్పుడూ పారలేదు. తవ్వితే గొయ్యి అవుతుంది గాని నీళ్ళు రావు. మట్టి అబద్ధం చెబుతోందా, మ్యాపు చెబుతోందా?"

"ఎవరో మట్టి తెచ్చి పోసుంటారు" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! ఆ పిల్ల "అంతేనంటారా" అని పుస్తకంలో రాసుకుంది. అనుమానించి ఉంటే తట్టుకునేదాన్నేమో. నమ్మింది.

ఇంటికొస్తుంటే ఇస్త్రీ అక్క బండి వదిలి ఎదురొచ్చింది. నాలుగు మడతలు పెట్టిన నోటీసు చేతిలో ఉంది. "అమ్మా, నలుగురి చేత చదివించాను, నలుగురూ ఒకటే చెప్పారు. మీరైతే ఆ ఆఫీసులోనే ఉంటారు కదా. ఆ గీత గీసినాయన ఎవరో కనుక్కుని నా మాటగా ఒక్కటి అడగండి. మా ఇంట్లోకి ఎన్నడూ రాని వాగు కాగితం మీదికి ఎట్లా వచ్చిందని."

గీసినాయన అంది. గీసింది ఆడదై ఉంటుందని ఆమెకి తట్టలేదు.

"అడుగుతాను" అన్నాను. ఆమె నా భుజం తట్టి, ఇస్త్రీ చేసిన బట్టల మూట చేతికిచ్చింది. ఇంకా వేడిగా ఉంది.

భోజనాల దగ్గర వడ్డిస్తూనే చెప్పేశాను, గరిటె దించకుండా: "వాగు మ్యాపు తప్పని ఆఫీసులో చెప్పేస్తాను."

బావగారు నమలడం ఆపేశారు. "చెబితే ఏ ఇల్లు పోతుందో తెలుసా?"

"తెలుసండీ. ఇదే."

తోటికోడలు తలెత్తలేదు. అత్తయ్యకి సగమే అర్థమై, "ఏ ఇల్లు? ఎవరిది?" అని అందరి మొహాలూ చూసింది. మా ఆయన కంచం ముందుకి తోసేశారు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే!"

పదిహేనేళ్ళుగా వండింది నేను, తిన్నది వాళ్ళు, వాసాలు లెక్కపెట్టింది కూడా నేనేనట. నవ్వొచ్చేదే, ఆయన ఇంకో మాట అనకపోతే. "ఆ రోజు నేనేమన్నా నీ చెయ్యి పట్టుకుని గీయించానా?"

గరిటె అక్కడే పెట్టి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న కథంతా ఆ ఒక్క మాటతో ఊడిపోయింది. చెప్పారు కాబట్టి గీశాను, కొత్త కోడల్ని, నోరు లేనిదాన్ని, వాళ్ళ పాపంలో నా వాటా ఎంత గనక అనుకుంటూ వచ్చాను. నిజానికి ఆయన ఆ రోజు గదిలో కూడా లేరు. ఆఫీసులో, పగటి వెలుగులో, ఒంటరిగా, చెయ్యి వణక్కుండా గీశాను. మంచి పనివాళ్ళకి ఉండే గర్వంతో గీశాను, అతుకు ఎక్కడుందో ఎవరికీ కనిపించకుండా. ఈ ఇంటి పత్రాల్లో ఎక్కడా నా పేరు లేదు. ఆ మ్యాపు మీద మాత్రం నా ఒక్కదాని పేరే ఉంది. వాళ్ళ మీద కోపం నిజమే. కానీ ఆ కోపం చాటున నేను ఎంత హాయిగా దాక్కున్నానో అప్పుడు తెలిసింది.

మర్నాడు రికార్డు గదిలో రోడ్ల మ్యాపుల అరలోంచి పాత వాగు మ్యాపు తీశాను. అప్పట్లో చింపే ధైర్యం లేక అక్కడ దాచింది నేనే. ముందు ఆ అమ్మాయికి చూపించాను. ఆమె వంపుని వేలితో తడిమి, "నిన్న నాతో మట్టి పోశారని ఎందుకన్నారు మేడమ్?" అంది.

నాలుగు రోజులకి స్కూలు హాల్లో వాగు పని మీద ప్రజాభిప్రాయ సభ పెట్టారు. రెండు మ్యాపులూ పక్కపక్కన తగిలించి చెప్పాను. వాగు అసలు దారి ఇది, జరిపింది నేను, ఆ దారిలో ఇప్పుడున్నది మా ఇల్లు. అరుపులు, తిట్లు, ఎవరో కుర్చీ తన్నిన చప్పుడు. మా ఆఫీసు పెద్ద ఇంజినీరు లేచి ఇళ్ళ కూల్చివేత ఆపుతున్నామని, మళ్ళీ కొలతలు తీస్తామని ప్రకటించేదాకా గోల తగ్గలేదు. ఆ ముప్పై రెండు ఇళ్ళవాళ్ళూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. నా వైపు ఎవరూ రాలేదు, ఇస్త్రీ అక్క తప్ప.

"తెలిసే చేశావా?" అంది. నన్ను నువ్వు అనడం అదే మొదలు.

"తెలిసే చేశానక్కా."

"మీ అత్తని నా ఇంట్లో పడుకోబెట్టుకున్నప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "అక్కా అనకు" అని జనంలోకి వెళ్ళిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక పెద్ద ఇంజినీరు తెల్లకాగితం నా ముందు పెట్టారు. మంచివాడే. గొంతు తగ్గించి, "పొరపాటున జరిగిందని రాయండమ్మా, ఉద్యోగం నిలబడుతుంది. లేదా ఇంట్లోవాళ్ళ ఒత్తిడి వల్ల అని రాయండి, ఆడవాళ్ళ కష్టం మాకు తెలియదా" అన్నారు. ఫోను మోగుతోంది, మా ఆయన. మోగి మోగి ఆగిపోయింది.

పెన్ను తీసుకున్నాను. పొరపాటు అన్న మాట రాయలేదు. అడిగింది ఎవరో, ఎందుకడిగారో ఒక వాక్యంలో రాశాను. గీసింది నేనని, తెలిసే గీశానని ఇంకో వాక్యంలో రాశాను. చదువుకుని, ఆ కాగితం పక్కన పడేసి, మరో కాగితం అడిగి తీసుకున్నాను. ఈసారి రెండో వాక్యాన్ని ముందు పెట్టాను.