ఒకే నంబరు మీద ముగ్గురు

డిగ్రీ చేతికొచ్చాక పిచ్చుక వెళ్ళిన ఇంటర్వ్యూలన్నీ "మేమే ఫోన్ చేస్తాం" అన్న మాటతోనే ముగిశాయి. పిచ్చుక ఇంట్లో పిలిచే పేరు. ఒకచోట కుదురుగా ఉండదని చిన్నప్పుడు పిన్ని పెట్టింది. ఇప్పుడు కంప్యూటర్ ముందు నుంచి కదలడం లేదని అదే పిన్ని సణుగుతోంది. బాబాయి లిఫ్టులు బాగుచేస్తాడు. "లిఫ్టయినా ఇంతకాలం మధ్యలో ఆగదే" అని ఓసారి నవ్వించబోయి, పిచ్చుక ముఖం చూసి నాలుక కరుచుకున్నాడు.

అలాంటప్పుడు ఒక చిన్న కంపెనీ ఆమెను పూటంతా పని చేసి చూపించడానికి రమ్మంది. పళ్ళ డాక్టర్ల క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్లు రాసుకునే ప్రోగ్రామ్ వాళ్ళది. సోఫాల దుకాణం పైన ఒకటే పెద్ద గది. పాలిష్ వాసన కింద నుంచి పైకి తన్నుతోంది.

కళ్ళజోడు పెట్టుకున్న సీనియర్ ఆమెను తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు.

"నీ కోసం పెట్టిన మెషిన్ మొరాయించిందమ్మా. నా దాంట్లో చేసేయ్. రిసెప్షన్‌లో తొందరపడి బటన్ రెండుసార్లు నొక్కితే ఒకే అపాయింట్‌మెంట్ రెండుసార్లు ఎక్కుతోంది. పేషెంట్‌కి మెసేజ్ కూడా రెండుసార్లు పోతోంది. అదెలా ఆపుతావో చూడాలి."

"ఇది నిజం డేటానా సార్?"

"అబ్బే, పరీక్ష కోసం మేం పెట్టుకున్న పేర్లే. భయపడకుండా ఆడుకో."

ఆ మాటతో ఆమెకు ఊపిరాడింది. మెసేజ్‌లు ఎలా వెళ్తున్నాయో, ఎక్కడ నమోదవుతున్నాయో ముందు ఓపిగ్గా చదివింది. తప్పు ఎక్కడుందో దొరికింది, సరిచేసింది. తర్వాత ఇప్పటికే రెండేసిసార్లు ఎక్కినవాటిని ఏరిపారేయడానికి నాలుగు వరుసల కోడ్ రాసింది. ఒక ఫోన్ నంబరు మీద ఒకే రోజు రెండు అపాయింట్‌మెంట్లుంటే మొదటిది ఉంచి మిగతావి తీసేయాలి. రాసి, నడిపింది. ఎన్ని తీసేసిందో స్క్రీన్ మీద వచ్చింది. ఆ సంఖ్య ఆమె అనుకున్నదానికంటే చాలా పెద్దది. పరీక్ష కోసం ఇన్ని పేర్లు పెట్టుకుంటారా అని ఒక్క క్షణం అనిపించింది.

అంతలో మూలనున్న ఫోన్ మోగింది. మేనేజర్ మేడమ్ తీసి స్పీకర్‌లో పెట్టింది.

"ఇక్కడ ఒకావిడ ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చిందండీ. ఆవిడ పేరుంది, పిల్లల పేర్లు లేవు. ఇందాకే నేను చూశాను, ఉన్నాయి!"

ఆ ఫోన్ పెట్టేలోపే ఇంకోటి. ఆ వెనకే మరొకటి.

పిచ్చుక తాను రాసిన వరుసల్ని మళ్ళీ చదివింది. తల్లి, ఇద్దరు పిల్లలు. ముగ్గురికీ తల్లి నంబరే. ఒకే ఇంట్లోవాళ్ళు ఒకే నంబరు ఇస్తారన్న ఆలోచనే తనకు రాలేదు. తాను తీసేసినవి రెండోసారి ఎక్కిన పేర్లు కావు, మనుషులు. ఇది ఆడుకునే డేటా కాదు.

"ఎవరైనా ఏమైనా మార్చారా?" మేడమ్ గొంతు గదంతా వినబడింది.

సీనియర్ తన స్క్రీన్ వైపు చూశాడు. ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. కళ్ళజోడు తీసి తుడవసాగాడు. పిచ్చుక చేయి మౌస్ మీదే ఉంది. ఆ విండో మూసేస్తే చాలు, తనకేమీ తెలియనట్టు కూర్చోవచ్చు. ఈ ఉద్యోగం పోతే ఇంటికెళ్ళి ఏ ముఖంతో చెప్పాలి?

లేచి నిలబడింది.

"నేనే మేడమ్. నేను నడిపిందే పిల్లల పేర్లు తీసేసింది."

"నువ్వా? అసలు డేటా దగ్గరికి నిన్నెవరు రానిచ్చారు?"

"పరీక్ష డేటా అనుకునే చేశాను. కానీ ఒకే నంబరు మీద ఇద్దరు ముగ్గురుంటారని చూసుకోకపోవడం నా తప్పే."

"ముందు నువ్వెళ్ళి బయట కూర్చో. నీ సంగతి తర్వాత."

నాలుగడుగులు వేసింది. వెనక ఎవరో అంటున్నారు, "రాత్రి తీసిన కాపీ ఉంది. పొద్దున రాసుకున్నవి మాత్రం పోయినట్టే." పిచ్చుక తలుపు దగ్గర ఆగిపోయింది.

"పోలేదండీ! పొద్దున పంపిన మెసేజ్‌లన్నీ ఉన్నాయి. వాటిలో పేరు, క్లినిక్, టైము అన్నీ ఉంటాయి. ఇప్పటిదాకా నేను చదివింది అదే."

మేడమ్ కళ్ళు ఎర్రబడ్డాయి. అప్పుడు సీనియర్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"ఆ అమ్మాయిని రానివ్వండి మేడమ్. నేను తప్పు డేటాబేస్ తెరిచి కూర్చోబెట్టాను. చూసుకోలేదు. ముందే చెప్పాల్సింది, నోరు రాలేదు."

మేడమ్ ఆయన్ని ఒక్క చూపు చూసింది. "తిట్లు తర్వాత. ముందు పని కానివ్వండి."

సీనియర్ పాత కాపీ నుంచి పేర్లు తెస్తుంటే, పిచ్చుక మెసేజ్‌ల నుంచి పొద్దుటివి బయటికి తీసింది. ఈసారి ప్రతి వరుసా గట్టిగా చదివి, ఆయన తలూపాకే నడిపింది. మేడమ్ ఒక్కో క్లినిక్‌కి ఫోన్ చేసి సరిచూసుకుంది. "పిల్లల పేర్లొచ్చాయండీ, చిన్నాడు లోపల నోరు తెరవనని గోల చేస్తున్నాడు" అని మొదటి క్లినిక్ నుంచి వినబడ్డాక గానీ పిచ్చుకకు దాహం వేస్తున్న సంగతి తెలియలేదు.

వెళ్ళేటప్పుడు మేడమ్ నవ్వలేదు. "ఓనర్‌తో మాట్లాడాలి. ఇప్పుడేమీ చెప్పలేను" అంది.

ఇంట్లో పిచ్చుక జరిగింది జరిగినట్టు చెప్పేసింది. పిన్ని కంచంలో ఇంకాస్త వడ్డించింది. ఆ వారమంతా ఫోన్ మోగినప్పుడల్లా ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ప్రతిసారీ అది బాబాయి కోసమే, ఎక్కడో లిఫ్టు ఆగిందని.

చివరికి ఆమె ఫోనే మోగింది.

"ఓనర్ ససేమిరా అన్నాడు," అంది మేడమ్. "చెప్పకుండా దాచేవాళ్ళు నాకొద్దు, చెప్పేవాళ్ళు కావాలన్నాను. మూడు నెలలు చూస్తాం. పనికిరావనిపిస్తే మొహమాటపడను."

"సార్ ఉన్నారా మేడమ్? ఆయన్నేమీ అనలేదు కదా?"

"అనకుండా ఎలా ఉంటాను? కడిగేశాను. ఉన్నాడు. నీది ఆయన పక్క సీటే. సోమవారం వచ్చెయ్."

ఫోన్ పెట్టేసి పిచ్చుక గోడకానుకుని భోరున ఏడ్చింది. పిన్ని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి గుండెకు హత్తుకుంది.

"పోతే పోయిందిలేవే! వాళ్ళ మొహం, వాళ్ళ కంపెనీ! ఇది కాకపోతే ఇంకోటి!"

"వచ్చింది పిన్నీ."

"ఏంటొచ్చింది?"

"ఉద్యోగం."

పిన్ని ఆమెను వదిలి, భుజం మీద చెళ్ళున ఒకటి చరిచి, కొంగుతో తన కళ్ళు తుడుచుకుంది.