కాగితంలో లేని నొక్కు

నా కోడలు నాలుగేళ్లుగా ఒక ప్రోగ్రాం రాస్తోంది. గుండె స్కాన్ బొమ్మలు ఇస్తే, ఆ గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో నూటికి ఎంత బయటికి నెడుతోందో అది చెబుతుంది. ఆపరేషన్ కావాలో, మందులు చాలో తేల్చడానికి డాక్టర్లకు ఆ అంకె కావాలి. ఆస్పత్రి డాక్టరమ్మ ఒక షరతు పెట్టింది. బయటి మనిషి ఎవరైనా, కోడలు రాసిచ్చిన కాగితం మాత్రమే చూసి, కొత్త కంప్యూటర్ మీద దాన్ని నడపాలి. ఇరవైమంది పాత రోగుల అంకెలు చుక్క తర్వాతి అంకెతో సహా కలవాలి. కలవకపోతే ఇంకో ఏడాదిదాకా వార్డు గడప తొక్కనివ్వదు.

ఆ బయటి మనిషిగా కోడలు నన్ను పట్టుకుంది.

"నాకేం తెలుసమ్మా," అన్నాను.

"అందుకే మామయ్యా. తెలిసినవాళ్లయితే కాగితంలో లేనిది కూడా బుర్రలోంచి తీసి చేసేస్తారు. మీరు చెయ్యరు."

అదీ నిజమే. ముప్పై ఏళ్లు లేత్ మిషను మీద పనిచేశాను. డ్రాయింగులో లేని కోత కోస్తే ముక్క పారెయ్యాల్సిందే. చదివింది మూడో తరగతే అయినా, ఆ డ్రాయింగుల పుణ్యమా అని ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ పోల్చుకోగలను.

డాక్టరమ్మ పన్నెండుకు వస్తానంది. మేము తొమ్మిదికే కోడలి ల్యాబులో కూర్చున్నాం. కొత్త కంప్యూటర్‌కు ప్లాస్టిక్ కాగితం ఇంకా ఊడదీయలేదు. కోడలితో పనిచేసే అతను, అందరూ పొడుగాయన అంటారు, నా భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు. ఒక వరుస చదవడం, అక్షరం వెతికి నొక్కడం, ఆ వరుస పక్కన టిక్కు పెట్టడం. ఒకటో రోగి అంకె కలిసింది. రెండోది కలిసింది. పదహారు కలిశాయి. పదిహేడో రోగికి రావలసింది 54.2. తెర మీద 47.9 వచ్చింది.

"ఏదో తప్పు నొక్కి ఉంటారు పెద్దాయనా," అన్నాడు పొడుగాయన.

నేను టిక్కులు చూపించాను. మళ్లీ చేశాను. 47.9. మూడోసారీ అంతే.

కోడలి మొహం వెలిగిపోయింది. "తప్పు కూడా అంగుళం జరగట్లేదు చూశావా? అంటే ప్రోగ్రాం నిలకడగానే ఉంది. తేడా మన చేతుల్లోనే ఎక్కడో ఉంది. ఏదీ, నువ్వు కూర్చో. మామయ్యా, మీరు తెర చూడకండి, అతని చెయ్యి చూడండి."

పొడుగాయన వేళ్లు టకటకా పరుగెత్తాయి. 54.2 వచ్చింది.

"మూడో వరుస అయ్యాక కీబోర్డు మూలనున్న మీట నొక్కాడు," అన్నాను. "అది కాగితంలో లేదు."

"అదా? ఈ రోగి స్కాన్‌లో కదిలాడండీ. ఆ బొమ్మ మసగ్గా ఉంటుంది, తీసేస్తాం. అది కూడా రాయాలా?" అన్నాడు పొడుగాయన.

"నేనూ తీసేస్తాను," అంది కోడలు. "నాలుగేళ్లుగా, చెప్పులు విడిచి లోపలికొచ్చినంత అలవాటుగా. ఒక్కళ్లమూ రాయలేదు."

పొడుగాయన గడియారం చూశాడు. పదకొండున్నర. "ఆ బొమ్మను ముందే తీసి పక్కన పడేద్దాం. ఇరవైకి ఇరవై వస్తాయి. పెద్దాయన ఎలాగూ నోరు విప్పరు."

"రేపు వార్డులో రోగి కదిలితే? నిన్ను మంచం కిందే పడుకోబెడతారా, బొమ్మలు తీయడానికి?" అంది కోడలు.

డాక్టరమ్మ రాగానే కోడలు ముందు 47.9నే చూపించింది. తర్వాత 54.2నూ, మసక బొమ్మ సంగతీ చెప్పింది.

"ఈ రెండంకెల మధ్య ఒక మనిషి ఆపరేషన్ ఉంది," అంది డాక్టరమ్మ. "ఏది మసకో ఎవరు తేలుస్తారు?"

"ప్రోగ్రామే. పక్క బొమ్మల కంటే గుండె అంచు ఇంత కొలత దాటి జరిగితే తీసేస్తుంది. తీశానని రాసి మరీ చూపిస్తుంది."

"ఇంకా రాయలేదుగా?"

"లేదండీ."

డాక్టరమ్మ కాగితం అటూ ఇటూ తిప్పింది. "ఎందుకు కలవలేదో మీరే పట్టుకున్నారు. మూడు వారాలిస్తాను. ఈసారి మీరెన్నడూ చూడని రెండువందలమంది. మీ దగ్గర ఒకసారి, నా కంప్యూటర్‌లో ఒకసారి. కూర్చునేది ఈయనే."

ఆ మూడు వారాలూ కోడలు కంచం ముందునుంచి లేచిపోని రోజు లేదు. మూడు మిల్లీమీటర్లు పెడితే మంచి బొమ్మలు కూడా పోయాయి. నాలుగు దగ్గర కుదిరింది. కాగితంలో ఒక వరుస పెరిగింది.

ల్యాబులో వచ్చిన అంకెల కాగితం డాక్టరమ్మ చేతిలో ఉంది. ఆస్పత్రిలో రెండు రోజులు పట్టింది. నూట తొంభై ఎనిమిది. నూట తొంభై తొమ్మిది. రెండువందలవ రోగికి ఒక బొమ్మ తీసేశానని తెర మీద పడింది, కింద 38.6.

డాక్టరమ్మ తన కాగితం మీద వేలు పెట్టింది. "ముప్పై ఎనిమిది." వేలు పక్కకు జరిపింది. "చుక్క ఆరు."

పొడుగాయన నన్ను ఎత్తుకున్నంత పనిచేశాడు. డాక్టరమ్మ సంతకం పెడుతూనే, "పొద్దున చేరిన పేషెంటు బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి," అంది.

కోడలు చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగులు పక్కకు జరిగింది. నేను లేచాను. వార్డు నర్సు వచ్చి నా కుర్చీలో కూర్చుంది, కాగితం దగ్గరికి లాక్కుంది.

"భయంగా ఉంది తాతగారూ," అంది.

"ఎన్నో వరుస దగ్గరమ్మా?"

"ఇంకా మొదలెట్టలేదు."

"అయితే ఒకటో వరుస చదువు," అన్నాను.